పల్లమెరుగు

అమలాపురం ఇరిగేషన్ ఆఫీసు మేడ మీద
ఫ్యాను తిరిగినప్పుడల్లా కింది మూల లేచి పడే కాలువల పటం పక్కన
నేను వాక్యాలకి లాకులు కడుతున్నాను.

దాళ్వాకి వంతులవారీ నీళ్ళు.
రైతులు ఫోనులో రాసింది యంత్రం చదవాలి,
చదివి తెలుగులోనే జవాబివ్వాలి.
ఈఈ గారు మూడు నెలల గడువిచ్చారు, ఓ పాత కంప్యూటరిచ్చారు.
ప్రోలాగ్ అంటే
"అదేం రోగమండీ" అన్నాడు అటెండరు గనిరాజు.

వాక్యం అంటే కర్త, కర్మ, క్రియ. చివర చుక్క.
చుక్క మరిస్తే ఏదీ కదలదు,
గేటు మరకి గ్రీజు మరిచినట్టు.

మన మాట ఆ వరసన నడవదని మొదటి రోజే తెలిసింది.
"రాలేదండి నీళ్ళు మాకు."
"మాకేవండి, రాలేదు."
"నీళ్ళా? ఎక్కడ!"
కర్త ఇంట్లోనే ఉండిపోతాడు,
క్రియ తోకకి తన ఆనవాలు కట్టి పంపుతాడు.
నీళ్ళిచ్చారా అన్నదాన్ని విప్పితే
నీళ్ళు ఈ గట్టున, ఇచ్చారా ఆ గట్టున,
మధ్యలో కొట్టుకుపోయిన ఉకారం.

యంత్రం ఓ పాయలోకి వెళ్తుంది.
మూసుకుపోయుంటే
పట్టుకున్నవన్నీ వదిలేసి చీలిన చోటికి వస్తుంది,
రెండో పాయ పడుతుంది.
సఖినేటిపల్లి రేవులో ఇసుక మేట తగిలితే
పంటు సరంగు మారుమాట్లాడకుండా వెనక్కి లాగినట్టు.
ఆ సిగ్గులేనితనం నాకు నచ్చింది.

అన్నిటికన్నా ఏడిపించింది, ఆయ్.
"వంతు మాదేనండి ఆయ్."
నామమా? క్రియా? ఏ కొమ్మకి కట్టాలి దాన్ని?
తీసేస్తే అర్థం చెడదు, మనిషి చెడతాడు.
వారం తిరిగాక రెండు పంక్తులు రాశాను:
మర్యాద అంటే ఆయ్.
మర్యాద అంటే ఏమీ లేకపోవడం కూడా.

అవే సూత్రాలు తిరగేస్తే మాటలు పుడతాయి.
ఓ రాత్రి కళ్ళెం వదిలి, నీకొచ్చిన వాక్యాలన్నీ చెప్పమన్నాను.
కాలువ రైతుని తాగిందండి.
బోదె లస్కరుని మూసిందండి.
వరి నీళ్ళని కోసిందండి ఆయ్.
వ్యాకరణం ఎక్కడా తప్పలేదు.
నవ్వుతూ నవ్వుతూ ఓ చోట ఆగిపోయాను,
తెల్లారాక దాన్ని తీసుకెళ్ళి రికార్డుకి కట్టేశాను:
రాసున్నదే పలుకు.

ఫిబ్రవరిలో ఓ మెసేజీ.
"శివారు చేను. పొట్ట మీదుంది. తడి అందలేదండి ఆయ్.
మోకా పల్లాలమ్మ."

యంత్రం చెట్టు గీసింది, ఒక్క కొమ్మ విరగలేదు.
చేను దొరికింది, తడి దొరికింది,
అందకపోవడం కూడా దొరికింది.
అక్కణ్ణించి రికార్డులోకి దిగింది.
వెళ్ళింది, వచ్చింది. వెళ్ళింది, వచ్చింది.
నేను నేర్పిన మర్యాదతో రాసింది:
"ఆ పేరున చేను లేదండి. తడి బకాయి లేదండి ఆయ్."

కౌలు. కాగితం లేని కౌలు.
రుజువు కానిది లేనట్టే అనుకోమని
దానికి చెప్పింది ఎవరో కాదు.
నీరు పల్లమెరుగుతుంది సరే,
నిజం మాత్రం
ఎవరో ఒకరు రాసిపెడితే తప్ప ఎరగదు నా యంత్రం.

ఆదివారం స్కూటీ మీద బోదె గట్టు చివరిదాకా వెళ్ళాను.
నెర్రెలో అరచెయ్యి నిలువునా దిగింది.
"మీరేనా జవాబు రాసింది?"
మిషనండి, అన్నాను.
"దానికి ఆయ్ అనడం ఎవరు నేర్పేరమ్మా,
లేదన్నా చక్కగా అంది."

సోమవారం ఎవరూ అడగని గడి ఒకటి తెరిచాను,
పట్టాదారుది కాదు, దున్నేవాళ్ళది.
సాగు: పల్లాలమ్మ, శివారు, ఎకరం ముప్పై సెంట్లు.
చుక్క.
లేదు అనబోయే ముందు తొక్కి రావలసిన మెట్టు ఇంకొకటి:
"మాకు తెలియలేదండి. వచ్చి చూస్తామండి ఆయ్."

ఈ మూడో జవాబు ఎవరు రాయమన్నారని ఈఈ గారు అడిగారు.
వ్యాకరణం ఒప్పుకుందండి, అన్నాను.
ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని
ఏమీ అనకుండా కిందికి దిగిపోయారు.

గనిరాజు సుత్తి తెచ్చాడు.
ఫ్యాను గాలికి లేచిపోయే ఆ కింది మూలకి,
శివారుండే మూలకి,
మేకు కొట్టాడు.